నడకని కూడా మందుల చీటీ మీద రాయండి

అమ్మని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే రోజున మా చేతికిచ్చిన కాగితాల్లో మందుల పట్టిక ఒకటి ఉంది. ఏ మాత్ర ఎన్ని పూటలు, తిండికి ముందా తర్వాతా, ఎన్ని రోజులు, అన్నీ టైపు చేసి ఉన్నాయి. పొద్దున పరగడుపున వేసుకోవాల్సిన గ్యాస్ మాత్రతో సహా. పట్టిక కింద ఒక్కటే లైను: ‘తగినంత విశ్రాంతి తీసుకోవలెను.’ అంతకుముందు ఆరు రోజులూ పొద్దున్నే రౌండ్స్‌కి వచ్చిన ప్రతి డాక్టరూ అమ్మ మంచం దగ్గర ఆగి ‘నడవాలమ్మా’ అని చెప్పి వెళ్ళారు. ఆ మాట మాత్రం కాగితంలో ఎక్కడా లేదు.

కాగితం పట్టుకుని డ్యూటీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. చిన్నవాడు, రాత్రంతా నిద్ర లేనట్టున్నాడు.

“నడక గురించి కూడా ఇందులో రాయండి డాక్టర్ గారూ.”

“రోజూ చెప్తూనే ఉన్నాం కదమ్మా.”

“నాకు చెప్పారు. ఊళ్ళో మా పెద్దమ్మకి ఎవరు చెప్తారండీ?”

ఆయన ఒక్క క్షణం నా వంక చూసి పెన్ను తీశాడు. విశ్రాంతి అన్న లైను కొట్టేసి, దాని కింద తెలుగులోనే రాశాడు. ‘నడక 10 నిమిషాలు, రోజుకి 5 సార్లు. భోజనం కుర్చీలో. పగలు ఎక్కువసేపు మంచం మీద వద్దు.’ కింద సంతకం పెట్టి ముద్ర వేశాడు.

ఆ చేతిరాత మా ఇంట్లో చేసిన పని చూశాకే ఇది రాయాలనిపించింది. క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత నడక అనేది సలహా కాదు, వైద్యంలో భాగం. మాత్రలకి రాసినట్టే దానికీ డోసు రాసి చేతికివ్వాలి. అలా రాయకపోతే మన ఇళ్ళల్లో గెలిచేది మంచమే, ఎందుకంటే ఆ మంచం వెనక ఉన్నది మన ప్రేమ.

అమ్మకి అప్పటికి 64 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఉంటుంది. 2023లో మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం మొదలైతే రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు వాడుతూ వచ్చింది. మాత్రలు వేస్తున్నన్నాళ్ళూ రక్తం కాస్త పెరగడం, మానేస్తే పడిపోవడం. చివరికి హైదరాబాద్ తీసుకొచ్చి కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయిస్తే పెద్దపేగు కుడివైపున గడ్డ కనపడింది. అటువైపు పేగు వెడల్పుగా ఉంటుంది, మలం ఇంకా పల్చగానే ఉంటుంది, కాబట్టి గడ్డ పెరిగినా తొందరగా అడ్డం పడదు. కంటికి కనపడకుండా రక్తం పోతూ ఉంటుంది. (మీ ఇంట్లో అరవై దాటిన వాళ్ళకి కారణం తెలియకుండా రక్తం తగ్గుతుంటే మాత్రలతో సరిపెట్టుకోకండి, పేగు చూడమని అడగండి.) పొట్ట తెరిచి, కుడివైపు పేగు తీసేసి, చిన్నపేగుని మిగిలిన పెద్దపేగుకి కలిపి కుట్టారు. బొడ్డు పక్కగా జానెడు కంటే పొడవైన కోత.

ఆపరేషన్‌కి ముందు రోజు రాత్రి నాకు గుర్తొచ్చింది మా పెదనాన్న.

2009లో ఆయనకి కడుపులో క్యాన్సర్ గడ్డకి ఆపరేషన్ అయింది. బాగానే జరిగింది, ఇంటికి తెచ్చుకున్నాం. ఇల్లంతా కలిసి ఆయన్ని మంచం దిగనివ్వలేదు. నేనూ అందులో ఉన్నాను. మంచినీళ్ళ గ్లాసు అందించడానికి పిల్లలం పోటీ పడ్డాం. బాత్రూం దూరమని బెడ్‌పాన్ కొన్నాం. ఆయన మనిషి కుదురుగా ఉండే రకం కాదు, పొలం గట్టు మీద తిరిగిన మనిషి. రెండుసార్లు లేవబోతే ‘పచ్చి ఒళ్ళు, ఎక్కడికి లేస్తున్నావు’ అని అందరం కేకలేశాం. పదో రోజున ఎడమ పిక్క బరువుగా, నొప్పిగా ఉందన్నారు. పడుకుని పడుకుని పట్టేసిందనుకుని మా పెద్దమ్మ నూనె రాసి పిసికింది. పన్నెండో రోజు పొద్దున గుమ్మం దాకా వెళ్ళి ఆయాసంతో కూలబడ్డారు. గుంటూరు చేర్చేలోపే అయిపోయింది. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం తెగి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఉంటుందని అక్కడి డాక్టర్ చెప్పారు.

నడిపించి ఉంటే బతికేవారని నేను అనను. క్యాన్సర్ ఉన్నవాళ్ళలో రక్తం మామూలుకంటే తేలిగ్గా గడ్డకడుతుంది. ఈ సంగతి 1865లోనే ప్యారిస్ వైద్యుడు ఆర్మాండ్ ట్రూసో పాఠం చెప్పాడు. తర్వాత తన ఒంట్లోనే సిర గడ్డకట్టడం చూసి, తనకి లోపల క్యాన్సర్ ఉందని ఆయనే పోల్చుకున్నాడు. 1867లో కడుపు క్యాన్సర్‌తోనే పోయాడు. దానికి తోడు ఆపరేషన్‌లో రక్తనాళాలకి దెబ్బ తగులుతుంది. ఈ రెండూ మన చేతిలో లేవు. మూడోది ఒకటుంది, రక్తం కదలకుండా నిలవ ఉండటం. నడుస్తున్నప్పుడు పిక్క కండరం బిగిసినప్పుడల్లా సిరల్లో రక్తాన్ని గుండె వైపు తోస్తుంది. పడుకున్న మనిషికి ఆ తోపు ఉండదు. మూడింటిలో మన చేతిలో ఉన్నది అదొక్కటే, దాన్నే మేం చేజేతులా ఆపేశాం. పైగా నొప్పి వచ్చిన పిక్కని పిసికాం. ఆపరేషన్ అయిన మనిషికి ఒక కాలే వాచినా, పిక్క నొప్పి పుట్టినా చెయ్యి వెయ్యకూడదు, నూనె రాయకూడదు, వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ఇదొక్కటి చదివి మిగతాది వదిలేసినా నాకు సంతోషమే.

పడుకున్న మనిషి ఒంట్లో జరిగేది రక్తం ఒక్కదానితో ఆగదు. వెల్లకిలా పడుకుంటే పొట్టలోని బరువంతా ఊపిరితిత్తుల మీదకి తోసుకొస్తుంది. వాటి అడుగు భాగాలు పూర్తిగా తెరుచుకోవు. కోత నొప్పికి మనిషి గట్టిగా గాలి పీల్చడు, దగ్గడు. కఫం అక్కడే కూర్చుంటుంది, అది నిమ్ముకి దారి. వార్డులో ప్రతి మంచం పక్కనా కనిపించే మూడు బంతుల డబ్బా అందుకోసమే ఇస్తారు. చాలామంది దాన్ని ఊదుతుంటారు, పీల్చాలి. అన్నిటికంటే నన్ను భయపెట్టింది కండరం సంగతి. 2007లో అమెరికా వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అరవై దాటిన ఆరోగ్యవంతుల్ని కొందరిని పది రోజులు మంచం మీద ఉంచితే ఒక్క కాళ్ళలోంచే దాదాపు కిలో కండ పోయింది. వాళ్ళకి ఏ జబ్బూ లేదు, ఆపరేషన్ లేదు. అంతకుముందు 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు ఐదుగుర్ని మూడు వారాలు పడుకోబెట్టి పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే ఐదుగుర్ని వెతికి మళ్ళీ పరీక్షిస్తే, శ్రమ చేసే శక్తి ముప్ఫై ఏళ్ళ వయసు మీదపడి తగ్గినదానికంటే ఆ మూడు వారాల్లోనే ఎక్కువ తగ్గినట్టు తేలింది. కుర్రాళ్ళు తేరుకుంటారు. అప్పటికే ఆకలి చచ్చి, రక్తం లేక, బరువు తగ్గిన 64 ఏళ్ళ మనిషికి ఆ కిలో కండ తిరిగి ఎక్కడినుంచి వస్తుంది?

ఇంత తెలిసినా నేను మా పెద్దమ్మని తప్పుపట్టను. ఆమెది మూఢనమ్మకం కాదు, పాత వైద్యం. ఆమె చిన్నతనంలో డాక్టర్లే అలా చెప్పేవారు. మా తాతయ్యకి కంటి శుక్లం ఆపరేషన్ అయినప్పుడు తలకి రెండువైపులా ఇసుక సంచులు పెట్టి, మెడ తిప్పితే చూపు పోతుందన్నారట. ఆ రోజుల్లో కన్ను పెద్దగా కోసే పద్ధతికి అది అవసరమనే అనుకునేవారు. పొట్ట ఆపరేషన్లకీ రెండు మూడు వారాలు మంచమే. ఆ జాగ్రత్త మన ఇళ్ళల్లో తరాలు దాటి నిలబడిపోయింది, ఆస్పత్రులు మాత్రం దాన్ని వదిలి చాలా దూరం వెళ్ళిపోయాయి, వెళ్తూ మనకి చెప్పలేదు.

ఎంత దూరమంటే, షికాగోలో ఎమిల్ రీస్ అనే స్త్రీల వైద్య నిపుణుడు ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లోనే రోగుల్ని లేపుతున్నానని 1899లోనే రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1940ల మొదట్లో డెట్రాయిట్ సర్జన్ డేనియల్ లీతౌజర్ అదే మాట గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం, మంచాలూ లేవు, నర్సులూ చాలరు. గతిలేక లేపిన రోగులు పడుకున్న వాళ్ళకంటే బాగా కోలుకోవడం సర్జన్లు కళ్ళారా చూశారు. 1947లో లండన్ డాక్టర్ రిచర్డ్ ఆషర్ మంచం వల్ల ఒంట్లో ఒక్కో అవయవానికి ఏం చెడు జరుగుతుందో వరసపెట్టి రాశాడు. ఆ తర్వాత 1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ దీన్నొక పద్ధతిగా కట్టాడు. నొప్పి బాగా తగ్గించడం, అనవసరమైన గొట్టాలు పెట్టకపోవడం, త్వరగా తిండి పెట్టడం, అదే రోజు లేపడం, ఇవన్నీ కలిపి. పెద్దపేగు ఆపరేషన్ అయిన 60 మందిని ఈ పద్ధతిలో చూస్తే సగం మంది రెండు రోజుల్లోనే ఇంటికి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఈ దారిలో నడిచే ఆస్పత్రులు ఆపరేషన్ రోజే రెండు గంటలు, మర్నాటి నుంచి రోజుకి ఆరు గంటలు రోగి మంచం దిగి ఉండాలని లక్ష్యం పెట్టుకుంటాయి. ఆరు గంటలూ నడవడం కాదు. కుర్చీలో కూర్చున్నా లెక్కే.

మరి కుట్లు? అందరి భయమూ అదే, అమ్మదీ అదే. నేను సర్జన్‌ని సూటిగా అడిగాను. పొట్ట గోడలో గట్టి పొర ఒకటి ఉంటుందనీ, అసలు కుట్టు దానికే వేస్తారనీ, నెలల తరబడి పట్టు వదలని దారంతో కుడతారనీ, పైన కనపడేవి చర్మం కుట్లు మాత్రమేననీ చెప్పారు. చదును నేల మీద నెమ్మదిగా నడిస్తే అది తెగదు. దానికి ప్రమాదం బరువులెత్తడంతో, ముక్కడంతో, పొట్టకి ఆసరా లేకుండా గట్టిగా దగ్గడంతో. దగ్గొచ్చినప్పుడు చిన్న దిండు కోత మీద పెట్టి రెండు చేతులతో అదిమిపట్టుకోవాలి. ఇది తెలిశాక అమ్మ ఆ దిండుని వారం రోజులు వదల్లేదు, నడిచేటప్పుడు కూడా చంకలో పెట్టుకునే నడిచింది.

ఆపరేషన్ మర్నాడు పొద్దున ఫిజియో అమ్మాయి వచ్చింది. వరంగల్ వైపు పిల్ల. “అమ్మా, జర లేసి కూసుందామా?” అంది. అమ్మ కళ్ళు మూసుకుంది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. ముందు నర్సుని పిలిచి నొప్పి మందు ఎప్పుడు ఎక్కించారో అడిగింది. ఇంకో పావుగంటలో ఇవ్వాలని తెలిసి, “అది ఎక్కనీయండి, అర్ధగంట ఆగి వస్తా” అని వెళ్ళిపోయింది. ఆ ఒక్క ప్రశ్నలోనే ఈ పనిలోని తెలివంతా ఉందని తర్వాత అర్థమైంది. నొప్పి తగ్గించకుండా నడవమనడం హింస. మన వాళ్ళకి నొప్పి ఓర్చుకోవడం గొప్ప. ‘ఆ మందులు ఎక్కువ వాడకూడదట, కిడ్నీలు పోతాయట’ అని పక్క మంచం ఆవిడ అమ్మకి అప్పటికే నూరిపోసింది. ఆ నాలుగు రోజులు డాక్టర్ లెక్కకట్టి ఇచ్చే మందుని కాదని ఓర్చుకుంటే దగ్గలేరు, గాలి పీల్చలేరు, లేవలేరు. ఓర్పు వల్ల వచ్చిన లాభం ఏమీ లేదు. నొప్పి ఉంటే సిస్టర్‌కి చెప్పమ్మా అని అమ్మకి పదిసార్లు చెప్పాల్సి వచ్చింది. అడగడం ఆమెకి నామోషీ.

అర్ధగంట తర్వాత ఫిజియో తిరిగి వచ్చి అమ్మని లేపిన తీరు నేను శ్రద్ధగా చూశాను. నిటారుగా లేపలేదు. మోకాళ్ళు మడిపించి, ఒత్తిగిలిపించి, కాళ్ళు మంచం కిందికి జార్చి, అదే ఊపులో మోచేత్తో నొక్కుకుంటూ లేవమంది. పొట్ట మీద బరువు పడలేదు. అంచున కూర్చోబెట్టి రెండు నిమిషాలు ఊరకే ఉంచింది. పాదాలు పైకీ కిందికీ ఆడించమంది. “కండ్లు తిరుగుతున్నయా?” అని అడిగి, లేదన్నాక నాడి చూసి, అప్పుడు నిలబెట్టింది. ఆ రోజు అంతే, మంచం పక్కన నాలుగు అడుగులు, కుర్చీలో ఇరవై నిమిషాలు. అమ్మ నుదుటి మీద చెమట పట్టింది. కానీ కుర్చీలో కూర్చున్నాక కిటికీ వైపు చూసి, “ఎండ బాగా వచ్చిందే” అంది. ఆపరేషన్ తర్వాత ఆమె తన ఒంటి గురించి కాకుండా అన్న మొదటి మాట అది.

రెండో రోజు అమ్మ నడవనని భీష్మించుకుంది. నొప్పి అనుకున్నాను. బతిమాలాను, కోప్పడ్డాను. చివరికి నా చెవి దగ్గర చెప్పింది, “ఆ గౌను వెనకంతా తెరుచుకుని ఉంటుందే. మగవాళ్ళు తిరిగే చోట ఈ సంచీ పట్టుకుని ఎట్లా నడవను?” సంచీ అంటే యూరిన్ బ్యాగ్. నాకు సిగ్గేసింది, నా మీద నాకే. ఆరు పేజీల అధ్యయనాలు చదివినదాన్ని, ఈ మాట నాకు తట్టలేదు. సిస్టర్‌ని ఇంకో గౌను అడిగి, దాన్ని కోటు తొడిగినట్టు వెనకనుంచి ముందుకి తొడిగాను. పైన నా చున్నీ కప్పాను. యూరిన్ బ్యాగ్‌ని బట్టల షాపు గుడ్డ సంచీలో పెట్టి, నడుము కంటే కిందికే వేలాడేలా నేను పట్టుకున్నాను. (అది పైకి ఎత్తితే మూత్రం వెనక్కి పోతుంది.) జడ వేసి బొట్టు పెట్టాను. అమ్మ నడిచింది. వార్డు కారిడార్‌లో కిటికీ దాకా పదకొండు గదుల తలుపులు. ఆ రోజు నాలుగో తలుపు, సాయంత్రం ఏడో తలుపు. మూడో రోజున కిటికీ. అక్కడినుంచి మెట్రో రైలు వెళ్ళడం కనపడుతుంది. ఒక రైలు వెళ్ళాక ఇంకోటి వచ్చేదాకా నిలబడి చూసి వెనక్కి తిరిగేవాళ్ళం. మంచం దిగని ఆడవాళ్ళు ఎందరు నొప్పికి భయపడి ఉండిపోతున్నారో, ఎందరు ఆ గౌనుకి భయపడి ఉండిపోతున్నారో ఎవరైనా అడిగి చూస్తే బాగుండు.

మూడో రోజు గ్యాస్ పోయింది. నడకవల్లే అని వార్డంతా తేల్చేసింది. నేను అంత గట్టిగా చెప్పను. పేగు తన టైముకి తనే మేలుకుంటుంది, నడక దాన్ని తొందరపెడుతుందన్నదానికి గట్టి రుజువు నాకు కనపడలేదు. ఉన్న మేలు చాలు, లేని గొప్ప అంటగట్టక్కర్లేదు.

నడక మీద అనుమానం తెచ్చే ఒక అధ్యయనం గురించి కూడా చెప్పాలి. కెనడాలోని మాంట్రియల్‌లో పేగు ఆపరేషన్ అయిన వందమంది దాకా రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి దగ్గరుండి నడిపించే మనిషిని ప్రత్యేకంగా ఇచ్చారు, రెండో జట్టుని మామూలుగా వదిలేశారు. మొదటి జట్టు ఎక్కువ నడిచింది, కానీ కోలుకోవడంలో పెద్ద తేడా రాలేదు. ఇది చూపించి ‘మరి ఎందుకీ హడావిడి’ అని మా తమ్ముడే నన్ను అడిగాడు. అక్కడ ‘మామూలు’ అంటే ఏమిటో చూడాలి. ఆ ఆస్పత్రిలో అందరికీ నొప్పి సరిగా తగ్గిస్తారు, అందరికీ మొదటి రోజే తిండి పెడతారు, లేచి తిరగమని అందరికీ ముందే చెప్పి ఉంచుతారు. అంటే ఎలాగూ లేచే వాళ్ళకి ఇంకో మనిషి తోడైతే కలిగే అదనపు లాభం ఎంత అన్నది వాళ్ళ ప్రశ్న. మన ప్రశ్న అది కాదు. బెడ్‌పాన్ కొని పన్నెండు రోజులు పడుకోబెట్టే ఇంటికీ, రోజుకి ఐదుసార్లు వరండాలో తిరిగే ఇంటికీ మధ్య తేడా మన ప్రశ్న. పైగా ఆ అధ్యయనం నాకింకో సంగతి చెప్పింది. లేవడం అక్కడి పద్ధతిలోనే ఉంటే, పక్కన కాపలా మనిషి అక్కర్లేదు. ఆ పద్ధతిని మన దగ్గర కాగితం మీద పెట్టడానికి ఖర్చేముంది?

మామూలు ఆపరేషన్లకి లేని తొందర క్యాన్సర్ ఆపరేషన్‌కి ఉంటుంది. ఆపరేషన్‌తో వైద్యం అయిపోదు. అమ్మకి గడ్డ పక్కన లింఫ్ గ్రంథుల్లోనూ క్యాన్సర్ కణాలు కనపడ్డాయి కాబట్టి కీమో ఇవ్వాలన్నారు, అదీ ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు మొదలుపెడితే మంచిదన్నారు. కీమో తట్టుకోగలరా లేదా అన్నది తేల్చడానికి ఆంకాలజిస్టుల (క్యాన్సర్ డాక్టర్ల) దగ్గర సున్నా నుంచి ఐదు దాకా ఒక కొలత ఉంది. అందులో మూడు నంబరు మెట్టు ఏమిటో తెలుసా? మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా మంచానికో కుర్చీకో పరిమితమైన మనిషి. ఆ మెట్టు మీద ఉన్నవాళ్ళకి గట్టి కీమో ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. అంటే మంచం మీద గడిపిన గంటలు అక్షరాలా లెక్కలోకి వస్తాయి. ‘కీమోకి ఒంట్లో ఓపిక ఉండాలి, అందుకే ఇప్పుడు రెస్ట్ తీసుకోవాలి’ అని మా బంధువులు అమ్మకి చెప్పిన మాట ఎంత తలకిందులో ఆ కొలత చూశాక తెలిసింది. ఓపిక పడుకుంటే నిలవ ఉండే సరుకు కాదు.

2025లో ఇంకో పెద్ద సంగతి బయటపడింది. కెనడా, ఆస్ట్రేలియా డాక్టర్లు ముందుండి నడిపిన పరీక్షలో, పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషనూ కీమో పూర్తయిన 889 మందిలో సగం మందికి మూడేళ్ళపాటు పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించారు, మిగతా సగానికి పుస్తకాలిచ్చి ఊరుకున్నారు. ఎనిమిదేళ్ళకి వ్యాయామం జట్టులో 90.3 శాతం మంది, రెండో జట్టులో 83.2 శాతం మంది బతికి ఉన్నారు. వాళ్ళలో చాలామంది చేసిన వ్యాయామం చురుగ్గా నడవడమే. ఇది ఆపరేషన్ మర్నాటి నాలుగు అడుగుల సంగతి కాదు, రెండింటినీ కలిపేయకూడదు. కానీ మంచం దిగనివాళ్ళు ఆ రెండో నడక దాకా ఎలా వెళ్తారు?

నడక అంటున్నాను గానీ కొన్ని ఆపరేషన్లలో కదలాల్సింది కాలు కాదు, చెయ్యి. మన దేశంలో ఆడవాళ్ళలో అన్నిటికంటే ఎక్కువ వచ్చేది రొమ్ము క్యాన్సర్. మా ఆఫీసులో ఒకావిడ ఆపరేషన్ తర్వాత చెయ్యిని రెండు నెలలు ఒంటికి కట్టేసుకున్నట్టే ఉంచింది. భుజం బిగుసుకుపోయింది. రేడియేషన్‌కి చెయ్యి తల పైకెత్తి కదలకుండా పడుకోవాలి, ఆవిడకి చెయ్యి లేవలేదు. భుజం సాగదీయడానికి పోయిన రోజులన్నీ అసలు వైద్యం ఆగిన రోజులే. బ్రిటన్‌లో 392 మంది మీద చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో, ఆపరేషన్ అయిన వారం పది రోజుల్లోనే ఫిజియో దగ్గర పద్ధతిగా మొదలుపెట్టిన వాళ్ళకి ఏడాది తర్వాత చెయ్యి మెరుగ్గా పనిచేసింది. ఏ రోజు ఎంత ఎత్తాలో సర్జన్ చెప్పాలి. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పాకించడం, చేరిన చోట పెన్సిల్‌తో గీత గీసుకోవడం, ఇంతే పని.

ఆడవాళ్ళ విషయంలో ఇంకో మాట. మన ఇళ్ళల్లో వాళ్ళకి రెండే స్థితులు, మంచం లేదా వంటిల్లు. పదో రోజు దాకా కాలు కింద పెట్టనివ్వరు, పదిహేనో రోజుకి ‘కొంచెం లేచి తిరుగుతోందిగా’ అని కుక్కర్ దించమంటారు. ఇంటిపని నడక కిందికి రాదు. నీళ్ళ బిందె, బియ్యం బస్తా, నిండు కుక్కర్, మనవడు, వీటిని ఆరు వారాలదాకా ఎత్తకూడదు. నడుస్తోంది కాబట్టి పని చెయ్యగలదని అనుకోవడం, పని చెయ్యకూడదు కాబట్టి నడవకూడదని అనుకోవడం, రెండూ తప్పే.

లేపకూడని సమయాలూ ఉంటాయి. బీపీ బాగా పడిపోయినప్పుడు, కొత్తగా ఆయాసమో గుండెల్లో నొప్పో వచ్చినప్పుడు, జ్వరం వణికిస్తున్నప్పుడు, డ్రెయిన్‌లో (కోత లోపలి నీరు బయటికి తీసే గొట్టంలో) ఉన్నట్టుండి ఎర్రటి రక్తం నిండుతున్నప్పుడు నడిపించడం కాదు, సిస్టర్‌ని పిలవడం ముందు. పక్కన మనిషి లేకుండా మొదటిసారి లేవకూడదు. కాలి ఎముకో, తొడ కండో తీసి దవడకి అతికిన వాళ్ళ లెక్క వేరు, సర్జన్ మాటే వినాలి. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే ఇంజెక్షన్ చాలామందికి ఇంటికి వెళ్ళాక కూడా, మొత్తం నాలుగు వారాల దాకా రాస్తారు. నడుస్తున్నాం కదా అని దాన్ని మానకూడదు.

ఏడో రోజు కారులో ఊరికి బయలుదేరాం. మూడు వందల కిలోమీటర్లు. గంటకోసారి ఆపమని డ్రైవర్‌కి ముందే చెప్పాను. సూర్యాపేట దగ్గర హోటల్ ముందు అమ్మ నా చెయ్యి పట్టుకుని లారీల మధ్య పది నిమిషాలు నడిచింది.

ఇంటికి చేరేసరికి పెద్దమ్మ ముందు గదిలో మంచం వేసి, కొత్త దుప్పటి పరిచి, రెండు దిళ్ళు పెట్టి ఉంచింది. పెదనాన్నకి వేసిన గదే. పరామర్శకి వచ్చేవాళ్ళు కూర్చోడానికి మంచం చుట్టూ కుర్చీలు కూడా. నేను ఏమీ వాదించలేదు, కాగితం చేతికిచ్చాను. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని డాక్టర్ చేతిరాతని ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివింది. ‘భోజనం కుర్చీలో’ దగ్గర ఆగింది. ముద్ర చూసింది. “డాక్టరే రాశాడా?” అంది. అవునన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, “మీ పెదనాన్నకి ఇట్లా ఎవరూ రాసివ్వలేదే” అంది.

ఆ సాయంత్రం నుంచి నడక డ్యూటీ పెద్దమ్మదే. చుట్టాలు వచ్చి ‘పడుకో, పడుకో’ అంటే, “డాక్టర్ రాసిచ్చాడు, మీరే కూర్చోండి” అని చెల్లెల్ని వరండాలోకి తీసుకుపోయేది. గోడ మీద క్యాలెండర్‌లో ప్రతి తేదీ కింద పెన్సిల్‌తో గీతలు. ఐదు గీతలు పడితే గానీ ఆ రోజు దీపం ఆర్పేది కాదు. పథ్యం పేరుతో చారన్నంతో సరిపెడదామనుకున్న మనిషి, కండ రావాలంటే గుడ్డూ పప్పూ కావాలని చెబితే దానికీ ఒప్పుకుంది. ఏడో వారంలో అమ్మ ఆటో దిగి నడుచుకుంటూ వెళ్ళి కీమో కుర్చీలో కూర్చుంది.

చీటీ మీద రాయడం చిన్న సంగతిలా కనపడొచ్చు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆపరేషన్ చేయించుకుని జిల్లాలకి తిరిగి వెళ్ళే వాళ్ళల్లో ఎక్కువమంది మళ్ళీ ఫిజియో మొహం చూడరు. ఒక్క నర్సు ఇరవై మంచాలు చూసుకునే వార్డుల్లో నడిపించాల్సింది పేషెంట్ తాలూకు వాళ్ళే. వాళ్ళకి రౌండ్స్‌లో గాల్లో అన్న మాట గుర్తుండదు, గుర్తున్నా ఇంట్లో పెద్దవాళ్ళ ముందు నిలబడదు. మాత్రకి ఉన్న గౌరవం మాటకి లేదు మన దగ్గర. అందుకే ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు, ఏ రోజు నుంచి మెట్లు, ఎన్ని వారాలు బరువు వద్దు, ఏం కనపడితే ఆగాలి, ఈ నాలుగైదు లైన్లు తెలుగులో, మందుల పట్టికలోనే, మందుల పక్కనే ఉండాలి. డాక్టర్లు చదువుతుంటే మిమ్మల్ని నేను అడిగేది ఇదే. రాయకపోతే, రాయమని అడగండి అని మిగతా వాళ్ళకి చెప్తున్నాను.

పోయిన నెల మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. వాళ్ళ మావయ్యగారికి కిడ్నీలో గడ్డ, ఆపరేషన్ అయి రెండు రోజులైంది. “అక్కా, లేపొచ్చా? అత్తయ్య అసలు ఒప్పుకోవట్లేదు” అంది. రేపు పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ మంచం దాటేలోపు కాగితం, పెన్ను చేతికివ్వమన్నాను. మర్నాడు మధ్యాహ్నం వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. గీతల కాగితం, డాక్టర్ గజిబిజి రాత: ‘వార్డు చివరి దాకా, రోజుకి 4 సార్లు.’ దాని కింద వేరే చేతిరాతతో, బహుశా వాళ్ళ అత్తయ్యదే, రెండు టిక్కులు.